కొబ్బరి చిప్పతో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే బొగ్గు: ఉద్దానం కెమిస్ట్రీ టీచరు చెప్పే పద్ధతి

ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో చివరికి చేతికొచ్చేది ఓ ఆరేడు గ్రాముల నల్లటి రవ్వ. దానితో భూగోళం చల్లబడిపోదు. కానీ ఆ రవ్వ కార్బన్ డయాక్సైడ్‌ని నిజంగానే పట్టి ఉంచుతుంది. ఎంత పట్టిందో మామూలు కాలేజీ త్రాసు మీద తూచి చూపించొచ్చు. వేడి చేస్తే వదిలేస్తుంది, చల్లారాక మళ్ళీ పడుతుంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి పని నాకు తెలీదు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఓ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, పుట్టింది ఉద్దానంలో, అంటే ఈ జిల్లాలోని కొబ్బరి తోటల ప్రాంతంలో, కవిటి దగ్గర. అంచేత ఈ రాతలో కొబ్బరి కాస్త ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ప్రాజెక్టు మొదలెట్టగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మేడమ్, సర్ఫేస్ ఏరియా ఎంత రావాలి?" ఎక్కడో చదివి ఉంటారు, సన్నని రంధ్రాలు తెరిచిన బొగ్గుకి, అంటే యాక్టివేటెడ్ కార్బన్‌కి గ్రాముకి వెయ్యి చదరపు మీటర్లు దాటి ఉపరితలం ఉంటుందని. అది నిజమే. రెండు వేలు, మూడు వేలు కూడా తెచ్చినవాళ్ళున్నారు. కానీ మనం పట్టాల్సింది కార్బన్ డయాక్సైడ్‌ని. దాని అణువు వెడల్పు సుమారు 0.33 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు). గది వేడిలో, మామూలు వాతావరణ పీడనంలో ఆ అణువుని గట్టిగా పట్టుకునేవి దాదాపు 0.8 నానోమీటరు లోపు రంధ్రాలే. గోడలు అంత దగ్గరగా ఉంటే అణువుని అన్ని వైపుల నుంచీ లాగుతాయి. రంధ్రం రెండు మూడు నానోమీటర్లకి వెడల్పయిందంటే మధ్యలో ఉన్న అణువుని ఏ గోడా గట్టిగా లాగదు, అది వచ్చిన దారినే పోతుంది. కాబట్టి రంధ్రాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంత సన్నగా ఉన్నాయన్నదే లెక్క.

దీనికో మంచి ఉదాహరణ ఉంది. 2011లో స్పెయిన్ శాస్త్రవేత్తలు మార్తా సెవియా, ఆంటోనియో ఫుయెర్టెస్ రంపపు పొట్టు నుంచి చేసిన కార్బన్ 25 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో, గ్రాముకి 4.8 మిల్లీమోళ్ళు, అంటే సుమారు 211 మిల్లీగ్రాములు, పట్టింది. వాళ్ళు రంధ్రాలు తొలిచే మందు (పొటాషియం హైడ్రాక్సైడ్) అతిగా వేయలేదు, మంట అతిగా పెట్టలేదు. 600 డిగ్రీల దగ్గర ఆపేశారు. అంతకంటే ఎక్కువ కాల్చినప్పుడు ఉపరితలం పెరుగుతుంది గానీ, పట్టే గ్యాసు పెరగకపోగా తగ్గుతుంది కూడా. ఈ రాతంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: ఎక్కడ ఆపాలి?

ఏ చెత్త తీసుకోవాలి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెత్తకి కరువు లేదు. రైసు మిల్లుల ఊక, పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల పిక్కల తొక్కలు, రాజాం, చీపురుపల్లి వైపు గోగు పుల్లలు, మొక్కజొన్న కండెలు, తాటి టెంకలు. దేన్నయినా బొగ్గు చేయొచ్చు. అన్నీ ఒకేలా పనిచేయవు.

ఊకని కాల్చితే దాదాపు ఐదోవంతు బూడిదే మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. సిలికా గ్యాసు పట్టదు, బరువు మాత్రం తూగుతుంది. దాన్ని వదిలించడానికి కాస్టిక్ సోడాతో ఉడికించాలి. మొదటిసారి చేసేవాళ్ళకి అనవసరపు గొడవ. గోగు పుల్లలు బొత్తిగా తేలిక. బొగ్గయ్యాక చేత్తో నలిపితే పొడైపోతుంది, గంపెడు పుల్లలకి గుప్పెడు బొగ్గు రాదు.

జీడి తొక్క దగ్గర మాత్రం ఆగి ఓ మాట చెప్పాలి. పలాస కుర్రాళ్ళు ప్రతి ఏడూ దాన్నే చేస్తామంటారు, ఊళ్ళో గుట్టలుగా కనిపిస్తుంది గనక. ఆ తొక్కలో నూనె ఉంటుంది, అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. చర్మానికి తగిలితే పొక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తొక్కని డబ్బాలో పెట్టి కాల్చితే నూనె ఆవిరై పొగతో పాటు బయటికొస్తుంది, కళ్ళూ ఊపిరితిత్తులూ మండిపోతాయి. మిల్లులో నూనె తీసేసిన పిప్పి దొరికితే, అదీ లాబ్‌లో పొగని బయటికి లాగే హుడ్ ఉంటే, అప్పుడు చూద్దాం. ఇంటి పెరట్లో మాత్రం వద్దు.

తాటి టెంక మంచిదే, గట్టి సరుకు. కానీ దాని పీచు వదిలించేసరికి ఓపిక అయిపోతుంది. మిగిలింది కొబ్బరి చిప్ప. బూడిద నూటికి ఒక పాలు కూడా ఉండదు. చెక్కకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ ఎక్కువ కాబట్టి బొగ్గు గట్టిగా వస్తుంది, సహజంగానే రంధ్రాలు సన్నగా ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికుల్ని కాపాడిన మాస్కుల్లో వాడింది ఈ కొబ్బరి చిప్ప బొగ్గే. చిప్పలు చాలక 1918లో అమెరికాలో ఇంటింటా పీచ్ పండ్ల గింజలు పోగుచేయించారు.

ఉద్దానంలో చిప్ప నిజంగా చెత్తేనా అంటే, పూర్తిగా కాదు. ఎండు కొబ్బరి చేసే కళ్ళాల్లో అదే వంటచెరకు, బొగ్గుకి కొనేవాళ్ళూ ఉన్నారు. మా మావయ్య కళ్ళంలో గోనెసంచి పట్టుకుని కూర్చుంటే, "ఏటమ్మా, ఇంత సదువు సదివి సిప్పలేరుకుంటన్నావా?" అన్నాడు. ఆయనకి అవి పొయ్యిలోకి పనికొస్తాయి మరి. అందుకని విరిగినవీ, వానకి తడిసి బూజు పట్టినవీ, గుడి వెనక పడేసినవీ ఏరుకోండి. బూజు పట్టినా బొగ్గుకేం నష్టం లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, తోటలకి తోటలు పడుకోబెట్టినప్పుడైతే చిప్పలేం ఖర్మ, చెట్లే చెత్తయ్యాయి.

బొగ్గు చేయడం

చిప్పల మీది పీచు కత్తితో గీకేయండి, లోపల అంటుకున్న కొబ్బరి కూడా. పీచు వేరేగా కాలుతుంది, బూడిద ఎక్కువ ఇస్తుంది. నీళ్ళతో కడిగి, రెండు మూడు ఎండలు పెట్టి, బొటనవేలి గోరంత ముక్కలుగా కొట్టండి. తూచి రాసుకోండి. ఇక్కడి నుంచి ప్రతి మెట్టులోనూ తూచాలి, లేకపోతే చివర్లో ఏ లెక్కా తేలదు.

లాబ్‌లో మఫుల్ ఫర్నేస్ (మూసిన కరెంటు కొలిమి) ఉంటే పని సులువు. వేడికి తట్టుకునే, మూత ఉన్న చిన్న గిన్నెలో, అంటే క్రూసిబుల్‌లో ముక్కలు నిండుగా నింపి, నిమిషానికి 5 నుంచి 10 డిగ్రీల చొప్పున 500 డిగ్రీలకి తీసుకెళ్ళి, గంటసేపు ఉంచి, ఆపేసి, పూర్తిగా చల్లారాక తీయండి. అయిపోయింది.

ఫర్నేస్ లేకపోతే పాలపొడి డబ్బా చాలు, అదీ నొక్కితే బిగుసుకునే ఇనప మూతది. జింకు పూత వేసినవి వద్దు, వేడికి జింకు పొగ వస్తుంది. ముందు ఖాళీ డబ్బాని ఒకసారి మంటలో కాల్చేస్తే పైన ఉన్న రంగులు పోతాయి. మూత మధ్యలో మేకుతో ఒకే ఒక్క కన్నం కొట్టండి. ముక్కలు నింపి, మూత బిగించి, ఆరుబయట మూడు రాళ్ళ మధ్య కొబ్బరి మట్టల మంట మీద పెట్టండి. డబ్బా చుట్టూ, పైనా కూడా మంట అందాలి. గదిలోగానీ, వరండాలోగానీ, మూసిన షెడ్డులోగానీ చేయకండి. ఈ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు.

ఇక కన్నం దగ్గర కళ్ళు పెట్టండి. ఇక్కడే అంతా తెలుస్తుంది. మొదట తెల్లటి ఆవిరి బుసబుసా వస్తుంది, అది చిప్పలోని తడి. కాసేపటికి పొగ చిక్కబడి పసుపు రంగుకి తిరుగుతుంది. ముక్కుకి పుల్లగా, ఘాటుగా తగులుతుంది. అది అసిటిక్ ఆమ్లం, తారు, మెథనాల్ అన్నీ కలిసిన పొగ. ఆ పొగకి ఓ పుల్ల అంటిస్తే కన్నం మీద మంట నిలబడుతుంది. నిలబడనివ్వండి, పొగ ఊరి మీద పడేకంటే కాలిపోవడమే మంచిది. ఆ మంట మొదట పసుపుగా ఎగిసి, పోను పోను పొట్టిగా, నీలంగా మారి, చివరికి ఆరిపోతుంది. మళ్ళీ అంటించినా నిలబడకపోతే బొగ్గయినట్టే. వెంటనే కన్నం మీద తడి బంకమట్టి ముద్ద పెట్టి మూసేసి, మంట లాగేసి, డబ్బాని తెల్లారేదాకా ముట్టుకోకండి. వేడి మీద మూత తీస్తే గాలి తగిలి బొగ్గంతా రాజుకుంటుంది, ఉదయానికి బూడిద మిగులుతుంది.

నూరు గ్రాముల చిప్పకి 25 నుంచి 30 గ్రాముల బొగ్గు రావాలి. 40 వచ్చిందంటే సంబరపడకండి, సగమే కాలింది. పదిహేనే వచ్చిందంటే ఎక్కడో గాలి దూరింది. మంచి ముక్కని గచ్చు మీద పడేస్తే ఖంగుమంటుంది, విరిస్తే విరిగిన చోట నిగనిగలాడుతుంది, వేలికి నల్లగా అంటుతుందే గానీ జిడ్డుగా, గోధుమ రంగులో అంటదు.

ఇప్పుడు మాస్కు కట్టుకుని, ఇనప రోట్లో నూరి, జల్లెడ పట్టండి. ఉప్మా రవ్వ అంత, అంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉన్న పలుకులు మనకి కావాలి. మరీ పొడైపోతే కడిగేటప్పుడు ఫిల్టర్ కాగితం మూసుకుపోతుంది. జల్లెడ కిందికి దిగిన పొడిని పారేయకండి, తర్వాతి మెట్టులో అదే కాపలా కాస్తుంది.

రంధ్రాలు తెరవడం

ఇప్పుడు చేతిలో ఉన్నది మామూలు బొగ్గు. దీనికి రంధ్రాలున్నాయి గానీ చాలావరకు తారు అడ్డంపడి మూసుకుపోయి ఉంటాయి. వాటిని తెరవాలి, కొత్తవి తొలవాలి. ఫ్యాక్టరీల్లో 800, 900 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పంపి చేస్తారు. ఆవిరి కార్బన్‌ని కొరుక్కుంటూ పోయి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌గా మారుతుంది. కాలేజీలో ఆ ఏర్పాటు కష్టం. మనకి మందు పద్ధతే దారి.

పేపర్లన్నీ పొటాషియం హైడ్రాక్సైడ్ అంటాయి. గొప్పగా పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ అది కార్బన్‌తో చర్య జరిపి పొటాషియం లోహాన్నే పుట్టిస్తుంది. ఆ లోహం 760 డిగ్రీలు దాటితే ఆవిరై, గొట్టం చల్లగా ఉన్న కొసన పేరుకుంటుంది, నీళ్ళు తగిలితే అంటుకుంటుంది. ఈ హైడ్రాక్సైడ్ గాజునీ, పింగాణీనీ కూడా తినేస్తుంది. నైట్రోజన్ పారే ట్యూబ్ ఫర్నేస్, పక్కనే అనుభవం ఉన్న మనిషి, ఈ రెండూ ఉంటే బొగ్గుకి రెండింతలు మందు వేసి 650, 700 డిగ్రీల దగ్గర గంట ఉంచండి, ఫలితం బావుంటుంది. ఉత్త మఫుల్ ఫర్నేస్‌లో మాత్రం నేను పిల్లల చేత పొటాషియం హైడ్రాక్సైడ్ ముట్టించను. ఎంత అడిగినా సరే.

నేను చేయించేది పొటాషియం కార్బొనేట్‌తో. నెమ్మదైన మందు, అందుకే వేడి కాస్త ఎక్కువ కావాలి. ధర తక్కువ, చేతికి తగిలితే కడుక్కుంటే సరిపోతుంది (కంటికి మాత్రం కళ్ళజోడు ఉండాల్సిందే). అరటి బోదె కాల్చిన బూడిదలోనూ ఎక్కువగా ఉండేది ఇదే. "బూడిద నీళ్ళతోనే చేసేద్దామా మేడమ్" అని అడిగిన పిల్లలున్నారు. చేయొచ్చు, సరదాగా ఉంటుంది. కాకపోతే అందులో క్లోరైడూ, ఇంకా ఏవేవో ఉంటాయి, ప్రతి బూడిదకీ పాళ్ళు మారతాయి. కొన్న మందుతో ఒకసారి చేశాక, పోల్చడానికి పెట్టుకోండి.

10 గ్రాముల బొగ్గు రవ్వకి 10 గ్రాముల పొటాషియం కార్బొనేట్. మందుని 30 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, రవ్వ పోసి, రాత్రంతా నాననివ్వండి. ఉదయం నీళ్ళు వంపేయకూడదు. వంపితే మందంతా దాంతోనే పోతుంది. గిన్నెతో సహా 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, మధ్య మధ్య కలుపుతూ, పొడిపొడిగా అయ్యేదాకా ఆరబెట్టండి.

ఇప్పుడు గాలి తగలకుండా 800 డిగ్రీలకి తీసుకెళ్ళాలి. నైట్రోజన్ లేదు కదా, ఎలాగ? గిన్నెలో గిన్నె పద్ధతి. మందు పట్టిన రవ్వని చిన్న నికెల్ లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ క్రూసిబుల్‌లో పోసి మూత పెట్టండి. దాన్ని ఇంకో పెద్ద స్టీలు పాత్రలో కూర్చోబెట్టి, చుట్టూ, పైనా ఇందాక దాచిన బొగ్గు పొడి కూరండి. దాని మీద మూత. లోపలికి దూరిన ఆక్సిజన్‌ని ముందు ఆ పొడే తినేస్తుంది, లోపలి రవ్వ దాకా రానివ్వదు. పింగాణీ క్రూసిబుల్ వాడకండి, ఆ వేడిలో కార్బొనేట్ దాన్ని గీకి తినేస్తుంది.

ఫర్నేస్ కిటికీ పక్కనో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కిందో ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ ఇక్కడా వస్తుంది. నిమిషానికి పది డిగ్రీల చొప్పున పైకి వెళ్తే గంటన్నర లోపు 800 చేరుతుంది. అక్కడ గంట. తర్వాత స్విచ్ ఆపి, తాళం వేసి ఇంటికెళ్ళిపోండి. మర్నాడు ఉదయం, వంద డిగ్రీల లోపుకి దిగాకే తలుపు తీయాలి. రవ్వ గిన్నెలోకి మొదటి చుక్కలు నీళ్ళు చేయి చాచి, మొహం పక్కకి పెట్టి వేయండి. కార్బొనేట్‌తో పొటాషియం లోహం మిగలడం అరుదే, కానీ ఆ ఒక్క నిమిషం జాగ్రత్తకి ఖర్చేం లేదు.

ఇంతవరకూ వచ్చారు గనక ఒక సలహా. ఒకే బ్యాచ్ చేసి ఆపకండి. మూడు గిన్నెలు పెట్టుకుని ఒకటి అరగంట, ఒకటి గంట, ఒకటి రెండు గంటలు ఉంచండి. మూడింటికీ అయొడిన్ పరీక్ష (మొత్తం మీద ఉపరితలం ఎంతుందో సుమారుగా చెప్పేది), కార్బన్ డయాక్సైడ్ పరీక్ష రెండూ చేసి గీతలు గీయండి. ఎక్కువసేపు కాల్చేకొద్దీ అయొడిన్ గీత పైకి పోతూనే ఉండి, గ్యాసు గీత ఒకచోట ఆగిపోయిందంటే, అక్కడి నుంచి రంధ్రాలు వెడల్పవుతున్నాయన్న మాట. ఆ రెండు గీతలూ విడిపోయే చోటే మీ ప్రాజెక్టు ఉంది.

కడగడం

వేడి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, తర్వాత ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయండి. బుసబుసా పొంగుతుంది, మిగిలిన కార్బొనేట్ పోతోందన్న మాట. కాబట్టి పెద్ద బీకరు తీసుకోండి. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, లిట్మస్ రంగు మారకుండా ఉండేదాకా. నమ్మకం కుదరకపోతే కడిగిన నీళ్ళలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి, తెల్లగా విరగకూడదు. ఇది విసుగు పుట్టే పని, కానీ రంధ్రాల్లో ఉప్పు మిగిలిపోతే ఇంతసేపు చేసిందంతా వృథా. 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడితే, మొదట తీసుకున్న 10 గ్రాముల బొగ్గుకి ఆరేడు గ్రాములు తేలుతుంది.

ఆమ్లం పోసి కడిగిన నీళ్ళలో ఉండేది ఎక్కువగా పొటాషియం క్లోరైడ్. రైతులు బస్తాల్లో కొనే పొటాష్ అదే, కొబ్బరికి ఇష్టమైన ఎరువు. అలాగని చెట్టుకి పోసేయకండి. స్టీలు గిన్నె కాస్త కరిగి ఉంటే అందులో క్రోమియం, నికెల్ ఉంటాయి. లాబ్ వ్యర్థాల డబ్బాలోకే.

తూచి చూడటం

అయొడిన్ పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, ప్రాక్టికల్ పుస్తకాల్లో ఉంది: 0.1 నార్మల్ అయొడిన్ ద్రావణంలో రవ్వ కలిపి, వడకట్టి, మిగిలిన అయొడిన్‌ని హైపోతో (సోడియం థయోసల్ఫేట్), స్టార్చ్ సూచికతో టైట్రేట్ చేయడమే. గ్రాముకి 600 నుంచి 1100 మిల్లీగ్రాముల మధ్య వస్తే మంచి సరుకు.

అసలు పరీక్ష గ్యాసుది. దీన్ని డిసెంబరు, జనవరిలో చేయండి. కారణాలు రెండు. చల్లగా ఉన్నకొద్దీ కార్బన్ ఎక్కువ పడుతుంది, పేపర్లలో ఇచ్చే 25 డిగ్రీలకి మన గదులు దగ్గరగా ఉండేది అప్పుడే. మే నెలలో మా లాబ్‌లో చేస్తే అంకె దానంతటదే పడిపోతుంది. రెండోది, మన తీరంలో గాలి తేమ. వానాకాలంలో మూత తీసి పెట్టిన రవ్వ గంటలో నీళ్ళతో బరువెక్కుతుంది, మీరు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అనుకుంటారు.

గాజు మూత బిగుసుకునే 25 మిల్లీలీటర్ల తూకపు సీసాలో సుమారు ఒక గ్రాము రవ్వ వేసి, మూత పక్కన పెట్టి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. తీయగానే మూత పెట్టి, తేమ చేరనివ్వని గాజు పాత్రలో, అంటే డెసికేటర్‌లో చల్లార్చి, తూచండి. కిప్ పరికరంలో చలువరాయి ముక్కల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడనిచ్చి గ్యాసు తీయండి. దాన్ని ముందు సోడియం బైకార్బొనేట్ ద్రావణంలోంచి (ఆమ్లపు తుంపర పోవడానికి), తర్వాత కాల్షియం క్లోరైడ్ గొట్టంలోంచి (తడి పోవడానికి) పంపండి. సన్నని గొట్టంతో సీసా అడుగుకి ఇరవై నిమిషాలు వదలండి. గ్యాసు పట్టేటప్పుడు రవ్వ వేడెక్కుతుంది, సీసా అడుగున చేయి పెడితే తెలుస్తుంది. అందుకని సీసాని మామూలు నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. మూత పెట్టి, బయట తుడిచి, తూచండి. మళ్ళీ గ్యాసు పంపి మళ్ళీ తూచండి, బరువు మారకుండా నిలిచేదాకా.

పెరిగిన బరువంతా కార్బన్ పట్టిందే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సీసాలో ఖాళీ జాగాలో మొదట గాలి ఉంది, ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఉంది. 25 డిగ్రీల దగ్గర లీటరు గాలి 1.18 గ్రాములు, లీటరు కార్బన్ డయాక్సైడ్ 1.80 గ్రాములు. అంటే మిల్లీలీటరుకి 0.62 మిల్లీగ్రాముల తేడా. 24 మిల్లీలీటర్ల ఖాళీకి దాదాపు 15 మిల్లీగ్రాములు. రవ్వ బదులు గాజు పూసలు వేసినా ఆ 15 వస్తుంది! కాబట్టి నిజంగానే అదే సీసాలో అంతే జాగా పట్టే గాజు పూసలు వేసి, అదే పని మొత్తం ఒకసారి చేసి, ఆ బరువు తీసేయండి. ఇంకోటి కూడా ఉంది: రవ్వ ముందే కాస్త నైట్రోజన్‌ని పట్టి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ దాన్ని తోసేస్తుంది. అంచేత మన తూకం నిజం కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది. తక్కువ చెప్పడంలో నష్టం లేదు, రిపోర్టులో ఒక వాక్యం రాసేయండి.

పూసల లెక్క తీసేశాక గ్రాముకి 110 మిల్లీగ్రాములు పెరిగిందనుకోండి. 44తో భాగిస్తే 2.5 మిల్లీమోళ్ళు. ఈ ఏర్పాటుకి రెండు నుంచి మూడు మధ్య వస్తే చాలా బావున్నట్టు. నాలుగో, ఐదో వస్తే చంకలు గుద్దుకోకుండా ముందు తడి సంగతి చూసుకోండి. పక్కన పోలికకి వాటర్ ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లోని కార్బన్‌నీ, యాక్టివేట్ చేయని మామూలు బొగ్గునీ కూడా తూచండి. ఒంటరి అంకె ఏమీ చెప్పదు.

తర్వాత అదే సీసా మూత తీసి, 120 డిగ్రీల దగ్గర గంట ఉంచి, చల్లార్చి తూచండి. మొదటి బరువుకి రావాలి. మళ్ళీ గ్యాసు, మళ్ళీ వేడి. ఇక్కడ రసాయన బంధం ఏమీ లేదు, ఉత్త ఆకర్షణే, కాబట్టి అన్నిసార్లూ దాదాపు అంతే పట్టాలి. ఏటికేడాది తగ్గినట్టు ప్రతి విడతకీ తగ్గుతోందంటే కడగడంలో మందు మిగిలి ఉంటుంది, అది గ్యాసుతో బైకార్బొనేట్‌గా మారుతోందేమో చూడండి.

వైవా అడిగితే చెప్పాల్సిన లెక్క

పిల్లలు పోస్టరు మీద "గ్లోబల్ వార్మింగ్‌కి పరిష్కారం" అని పెద్దక్షరాలతో రాసుకొస్తారు. ఆ పక్కనే ఈ లెక్క కూడా వేయిస్తాను. కిలో కార్బన్, స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్‌లో పెడితే, ఒక విడతకి పట్టేది 110 గ్రాములు. స్కూటర్‌లో లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది 2.3 కిలోలు. అంటే లీటరుకి 21 కిలోల కార్బన్ మోసుకెళ్ళాలి. పైగా గొట్టంలోంచి వచ్చేది స్వచ్ఛమైన గ్యాసు కాదు. బొగ్గు కరెంటు కేంద్రం పొగలో అది నూటికి 12, 14 పాళ్ళే, అక్కడ మన రవ్వ పట్టేది గ్రాముకి ఒక మిల్లీమోల్, అంటే కిలోకి 44 గ్రాములు, అటూ ఇటూ. మామూలు గాలిలో 0.04 శాతమే, అక్కడ దాదాపు ఏమీ పట్టదు, తేమ మాత్రం పడుతుంది.

పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం 2000 మెగావాట్లది. యూనిట్‌కి కిలోకి కాస్త తక్కువగా వేసుకున్నా, పూర్తి లోడు మీద గంటకి 1,800 టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్. గంటకి ఒక్కసారి నింపి ఖాళీ చేసే లెక్కన దానికి 40 వేల టన్నుల కార్బన్ కావాలి. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ళు విడతని గంటల నుంచి నిమిషాలకి దించడానికి తంటాలు పడతారు. పట్టిన గ్యాసుని భూమిలోకి పంపడమో, వాడుకోవడమో చేయకపోతే ఇదంతా కాసేపు దాచి వదిలేయడమే, అది వేరే సంగతి.

మన ఫర్నేస్ కరెంటు కూడా రాయండి. ఒక బ్యాచ్‌కి ఆరేడు యూనిట్లు తిందనుకుంటే, మన దేశంలో యూనిట్‌కి సగటున సుమారు 0.7 కిలోల చొప్పున, నాలుగైదు కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎక్కడో పొగగొట్టంలోంచి పోయింది. ఆరు గ్రాముల రవ్వ ఒక విడతకి పట్టేది 0.66 గ్రాములు. ఫ్యాక్టరీలో చిప్పలోంచి వచ్చే గ్యాసునే మండించి ఆ వేడి వాడుకుంటారు గనక వాళ్ళ లెక్క ఇంత ఘోరంగా ఉండదు.

"మరి మా తోటలో టన్ను చిప్పలున్నాయి, ఏం చేయమంటారు?" అంటే నా జవాబు వేరు. బొగ్గు చేసి ఇసక నేలలో పశువుల ఎరువుతో కలిపి కప్పెట్టండి. కిలో బొగ్గులో 80 శాతం కార్బన్ ఉందనుకుంటే, అది చెట్టు గాలిలోంచి తీసిన 2.9 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం, చాలాకాలం మట్టిలోనే ఉంటుంది, మందూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. యాక్టివేట్ చేసిన కార్బన్ ఆ లెక్కని అందుకోవాలంటే కనీసం 27 విడతలు పట్టి, వదిలి, ఆ వదిలినదాన్ని ఎవరో భద్రం చేయాలి. గ్యాసుని శుద్ధి చేసేచోట, బయోగ్యాస్‌లోంచి మీథేన్ విడదీసేచోట ఈ రవ్వ అక్కరకొస్తుంది. అక్కడ వేల విడతలు తిరుగుతుంది, అప్పుడే దాని ఖర్చు దానికి గిడుతుంది.

తయారైన రవ్వని గాజు మూత సీసాలో పోసి, తేదీ, కాల్చిన వేడి, ఉంచిన సమయం చీటీ మీద రాసి అంటించండి. పక్కన నాఫ్తలీన్ ఉండలుగానీ, అసిటోన్ సీసాగానీ ఉన్న బీరువాలో పెట్టకండి, ఆ ఆవిర్లతో రంధ్రాలు నిండిపోతాయి. ఎన్నాళ్ళ తర్వాత తీసినా సరే, తూచే ముందు 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు.